జోగయ్య పిడికిలి

జోగయ్య గురించి రాయాల్సింది నిజానికి నేను కాదు. ఆయన దగ్గర పని నేర్చుకుని ఇవాళ హైదరాబాదులోనూ అహ్మదాబాదులోనూ పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు రాయాలి. వాళ్ళు రాయరు. ఆయన పేరెత్తితే తమ తెల్లకోటు మీద ఎక్కడ మరక పడుతుందోనని వాళ్ళ భయం. నాకా భయం లేదు. ఆయన ఉద్యోగం పోగొట్టినదాన్ని నేనే, కాబట్టి వివరాలన్నీ నా దగ్గర సరిగ్గా ఉన్నాయి.

జోగయ్యది చీపురుపల్లికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక మెట్ట ఊరు. రెండెకరాల భూమిలో వేరుశనగ, ఉలవలు, వాన కరుణించిన ఏడాది గోగు. పదో తరగతి ఎలాగో గట్టెక్కాడు. ఎచ్చెర్ల దాటాక హైవే పక్కన మా మందుల ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు పునాదులు తవ్వడానికి కూలికి వచ్చాడు. గోడలు లేచాక డ్రమ్ములు మోసే హెల్పరయ్యాడు, ఆ తర్వాత మిక్సర్ ఆపరేటరయ్యాడు. నేను ఆయన్ని మొదటిసారి చూసేనాటికి మిక్సర్ గదిలో నిలబడి పద్నాలుగేళ్ళయింది. మనిషి పొట్టి, చేతులు మాత్రం ఒంటికి సంబంధం లేనంత పెద్దవి.

ఆయన పనేమిటో చెప్పకపోతే ఆయన పతనం అర్థం కాదు. మాత్ర తయారు చేయాలంటే మందు పొడిని పెద్ద ఉక్కు మిక్సర్‌లో పోసి, జిగురు నీళ్ళు పోసి కలుపుతారు. తడి చాలకపోతే మాత్ర సీసాలోనే పొడి అయిపోతుంది. ఎక్కువైతే రాయిలా బిగిసి, కడుపులో కరక్కుండానే బయటికి పోతుంది. ఎప్పుడు ఆపాలన్నదే విద్య అంతా. ముద్ద చిక్కబడేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందనీ, మీటర్ ముల్లు పద్నాలుగు దగ్గరకి రాగానే మిక్సర్ ఆపేసి, ఆ అంకె బ్యాచ్ రికార్డులో రాసి సంతకం పెట్టాలనీ ఫ్యాక్టరీ నిబంధన.

మా ఫ్యాక్టరీలో ఆ ముల్లు అప్పటికి రెండేళ్ళుగా సున్నా మీద పడుకుని ఉంది. బాగు చేయిస్తే సరిపోయేదే. కానీ మీటర్ పాడైందని కాగితం మీద పెడితే, ఎప్పట్నుంచి పాడైందని పైవాళ్ళు అడుగుతారు. అప్పట్నుంచి తయారైన మాత్రల సంగతేమిటని అడుగుతారు. అందుకని ప్రొడక్షన్ మేనేజర్ విశ్వనాథ్ గారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. జోగయ్య చెయ్యి ఉందిగా అని ఆయన ధీమా.

ఆ చేతిమీద ధీమా పెట్టుకోవడంలో తప్పేం లేదు. మిక్సర్ ఆపి, తొడుగున్న చేత్తో ఒక గుప్పెడు తడి ముద్ద తీసి, పిడికిలి బిగించి, తెరిచి, బొటనవేలితో తట్టేవాడు. అంతే. ల్యాబులో ఎన్ని పరీక్షలు చేసినా ఆ రెండేళ్ళలో ఒక్క బ్యాచ్ తప్పలేదు.

2018 వేసవిలో నేను అక్కడికి ట్రైనింగుకి వెళ్ళాను. బీఫార్మసీ మూడో ఏడు అయ్యాక నూట యాభై గంటలు పని నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ చూపించాలి. మా కాలేజీ నుంచి నలభై మందిమి. మొదటి మూడు రోజులూ ఏసీ గదిలో కూర్చోబెట్టి బొమ్మలు చూపించారు. నాలుగో రోజు నుంచి ప్యాకింగ్ హాల్లో కాగితాలు మడత పెట్టమన్నారు. మందు డబ్బాలో చీటీ ఒకటి ఉంటుంది చూడండి, ఎవరూ చదవనిది, అది. ఎనిమిది మడతలు. ఫీజులు కట్టి చదివించిన కన్నవాళ్ళకి ఈ సంగతి చెప్పుకోలేక, ఫ్యాక్టరీలో రోబోలున్నాయని ఇంటి దగ్గర కోతలు కోసేవాళ్ళం.

జోగయ్య ఒక్కడే మమ్మల్ని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళేవాడు. అలా చేయమని ఆయనకెవరూ చెప్పలేదు, జీతంలో దానికి పైసా లేదు. వీలైనప్పుడల్లా ఇద్దరు ముగ్గుర్ని ప్యాకింగ్ హాల్లోంచి లాక్కెళ్ళి, తలుపు మూసి, నేర్పేవాడు. ఏటా అదే పని. మా ప్రొఫెసర్లలో సగం మంది మిక్సర్‌ని ఫోటోలో తప్ప చూడలేదని నాకు ఆ గదిలోనే తెలిసింది.

ఆ గదిలోకి వెళ్ళాలంటే ముందు గాజులు, బొట్టు, గడియారం తీసేయాలి. మోచేతుల దాకా కడుక్కుని తెల్ల గౌను, తల తొడుగు, మూతి గుడ్డ, రెండు జతల చేతి తొడుగులు వేసుకోవాలి. మధ్యలో బయటి వస్తువు ముట్టుకుంటే మళ్ళీ మొదటి నుంచీ. మా నాన్న అనంతపద్మనాభం గారు శ్రీకాకుళం దగ్గర ఒక గుడిలో అర్చకులు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ జోగయ్య నన్ను పంతులుగారి పాప అనే పిలిచేవాడు.

"మడి నీకు సిన్నప్పట్నుంచి తెలిసిందే గదమ్మా. ఇదీ అదే. కాకపోతే అక్కడ మీ నాన్నగోరొక్కరే మడి, మాలాటోలం దూరంగుండాల. ఇక్కడ నానూ మడే, నువ్వూ మడే," అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

"సెయ్యెట్టు. బయపడకు. సున్నుండ పడతాం సూడు, అలగే. పిడికిట్లో పడితే ముద్దవ్వాల, తడితే రెండు ముక్కలవ్వాల. పొడైపోనాదనుకో, ఇంకో గుక్క నీళ్ళడగతన్నాదన్నమాట. ఏలికి అంటుకున్నాదనుకో, మనం సెడగొట్టీసినాం."

పదిహేను రోజులు పట్టింది నాకు. ఎనిమిదిసార్లు తప్పు చెప్పాను. ఒకరోజు ఆయన కన్నా ముందే "చాలు బాబాయ్, ఆపేయండి" అన్నాను. ఆయన తీసి చూసి, తలుపు తీసి హెల్పర్లందర్నీ కేకేశాడు. "పంతులుగోరి పాపకొచ్చీసినాదిరా!" అని. నా జీవితంలో నన్ను చూసి అంత సంతోషపడ్డవాళ్ళు ఇంకెవరూ లేరు. మా అమ్మానాన్నల్ని కలుపుకునే చెబుతున్నాను.

ఆయన మాటల్లో రోజుకి నాలుగుసార్లు కూతురి ప్రస్తావన వచ్చేది.

"మా అనిత పదో తరగతికొచ్చినాది. దాన్నీ ఫార్మసీయే సదివిస్తాను. మీలాగ ట్రైనింగుకని ఈ గదిలోకి రావాల. నాను పక్కకి జరిగి దారివ్వాల. అంతే పాపా, ఇంకేటక్కర్లేదు నాకు."

అందరు తండ్రులూ చెప్పే మాటే కదా అని నేను పట్టించుకోలేదు.

ఒక ఉదయం ఆయన ముద్ద చూసి సరే అన్నాక, రికార్డులో కరెంటు గడి ఖాళీగా ఉంది. విశ్వనాథ్ గారు అద్దాల తలుపు కొంచెం తీసి, తల లోపలికి పెట్టి, "జోగయ్యా, ఇంకా రాయలేదా? పద్నాలుగు వేసెయ్. లారీ వచ్చేస్తుంది," అన్నారు. జోగయ్య వేశాడు. విశ్వనాథ్ గారు నావైపు చూసి చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయారు.

"ముల్లు కదల్లేదు కదా బాబాయ్?" అన్నాను.

"ముల్లుకేటి తెలుసమ్మా. మీటరు బాగున్న రోజుల్లో పద్నాలుగు కాడ ముద్దెలగుంటాదో పన్నెండేళ్ళు సూసినాను. కొత్త మీటరొస్తాది, అందాకా పద్నాలుగు రాసీమన్నారు మేనేజరుగోరు. రాస్తన్నాను."

ఇప్పుడు నా ఘనకార్యం. ట్రైనింగులో రోజూ నేర్చుకున్నది డైరీలో రాయాలి. మిగతావాళ్ళంతా ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాసుకున్నారు. నాకు ఫస్టు ర్యాంకు పొగరు కదా, సొంతంగా రాశాను. ఆ రోజు పేజీలో జోగయ్యని ఆకాశానికెత్తేశాను. మీటర్ పనిచేయకపోయినా చేతి అంచనాతోనే సరైన స్థితి కనిపెడతారనీ, రికార్డులో ఆయన వేసే పద్నాలుగు అంకె ఏ మీటర్ చూపించే అంకెకీ తీసిపోదనీ, ఇలాంటి నైపుణ్యం పుస్తకాల్లో దొరకదనీ మంచి ఇంగ్లీషులో రాశాను. చివరి రోజున నలభై డైరీలూ విశ్వనాథ్ గారి బల్ల మీద పెడితే, ఆయన ఫోన్ మాట్లాడుతూ పేజీ పేజీకీ సంతకాలు గీకేశారు. నా పేజీ మీద కూడా. ఒక్కో కాపీ ఫ్యాక్టరీ ఫైల్లో పెట్టుకున్నారు.

ఆగస్టులో మా మందులు కొనే విదేశీ కంపెనీ తరఫున తనిఖీకి ఒక ఆడిటర్ వచ్చాడు. మూడు రోజులు వెతికినా ఆయనకి పెద్ద తప్పేమీ దొరకలేదట. మూడో రోజు భోజనం ఆలస్యమైతే ఊరికే కూర్చోలేక ట్రైనింగ్ ఫైలు తిరగేశాడు. నా ఇంగ్లీషు బాగుందని ఆగి చదివాడట. ఈ ముక్క నాకు తర్వాత విశ్వనాథ్ గారే చెప్పారు, జోకు చెప్పినట్టు.

ఆ ఆడిటర్‌కి చూపించడానికి ఫ్యాక్టరీకి ఒక దోషి కావాల్సి వచ్చాడు. రికార్డులో సంతకం జోగయ్యది. వెతుక్కునే శ్రమ కూడా లేకపోయింది.

విచారణకి సాక్షిగా నన్ను పిలిచారు. మా ప్రిన్సిపాల్ తన కారులోనే తీసుకెళ్ళారు. దారి పొడుగునా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు.

"అడిగినదానికి జవాబు చెప్పు గౌతమీ. అడగనిది చెప్పకు. ఈ ఫ్యాక్టరీ తలుపు మూసుకుంటే మన పిల్లలకి ట్రైనింగు ఎక్కడ దొరుకుతుంది? నీ సర్టిఫికెట్ మీద కూడా ఇంకా వాళ్ళ ముద్ర పడలేదు. గుర్తుందిగా?"

గుర్తుంది. కాన్ఫరెన్స్ హాల్లో పొడుగాటి బల్లకి అటు నలుగురు అధికారులు, వాళ్ళలో విశ్వనాథ్ గారు. ఇటు చివర జోగయ్య ఒక్కడూ, ఇస్త్రీ చొక్కా వేసుకుని. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది.

"అదిగో, పంతులుగోరి పాపొచ్చీసినాది. ఆ పాప దగ్గరే ఉన్నాది ఆ రోజు. అన్నీ ఆ పాపే సెప్తాది సూడండి," అన్నాడు అందరితో.

ముల్లు సున్నా మీద ఉండగా ఆయన పద్నాలుగు అని రాయడం చూశావా అని అడిగారు. చూశానన్నాను. చేత్తో ముద్ద పిసికి చూడటం నిజమేనా అన్నారు. నిజమేనన్నాను. ఈ డైరీ నీదేనా అన్నారు. నాదేనన్నాను. అంతటితో కాగితాలు సర్దుకున్నారు.

విశ్వనాథ్ గారు తలుపు తీసి చెప్పిన మాట నా నాలుక చివర ఉంది. ఆయన నా కళ్ళలోకే చూస్తున్నారు. కోపంగా కాదు, కుతూహలంగా. ఈ పిల్ల ఎంత ఖరీదు చేస్తుందో అన్నట్టు.

జోగయ్య నావైపు తిరిగాడు. నేను ఇంకా చెబుతాననుకున్నాడు.

"అంతేనా అమ్మా?" అన్నాడు.

"అంతే," అన్నాను.

ఆయన తల ఆడించాడు. తిట్టి ఉంటే ఈపాటికి నేను మరిచిపోయి ఉండేదాన్ని.

మర్నాడే ఉద్యోగం తీసేశారు. తప్పుడు అంకెలు రాసినవాడన్న ముద్ర వేసి మరీ తీసేశారు. మా హైవే పొడుగునా ఉన్న ఫ్యాక్టరీల హెచ్చార్ వాళ్ళందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. సాయంత్రానికల్లా అందులో ఆయన ఫోటో పడింది. ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీ గేటు లోపలికీ ఆయన్ని రానివ్వలేదు. నలభై ఆరేళ్ళ వయసులో చీపురుపల్లి రైస్ మిల్లులో బస్తాలు మోయడానికి చేరాడు. రెండేళ్ళు రాని కొత్త మీటరు మాత్రం వారం తిరక్కుండా వచ్చింది.

నా చదువైపోయాక విశ్వనాథ్ గారు నన్ను పిలిచి క్వాలిటీ విభాగంలో ఉద్యోగమిచ్చారు. "ఎంత చెప్పాలో అంతే చెప్పే మనిషి దొరకడం కష్టం గౌతమీ," అన్నారు. మా నాన్న స్వామికి అభిషేకం చేయించారు. నేను ప్రసాదం తిన్నాను. అరిగింది కూడా.

జోగయ్య లేబర్ కోర్టుకెళ్ళాడు. ఆరేళ్ళు వాయిదాలకి తిరిగాడు. ఈ మధ్యనే గాలి మళ్ళింది. మీటర్ మార్చమని ఆయన పెట్టుకున్న అర్జీలు, వాటి మీద విశ్వనాథ్ గారి చేత్తో 'తర్వాత చూద్దాం' అని రాసినవి, పాత మెయింటెనెన్స్ ఫైల్లో ఉన్నాయని ఆయన వకీలుకి తెలిసింది. వాటిని కోర్టులో పెట్టమని జడ్జి ఆర్డరేశారు. మా ఫ్యాక్టరీలో పెద్దవాళ్ళకి నిద్ర పట్టడం మానేసింది. జోగయ్య గెలిచేటట్టే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే, 2024 ఏప్రిల్లో, ఆయన నాకు ఫోన్ చేశాడు. గేటు బయట ఉన్నాడు. ఫ్యాక్టరీలో మిగతావాళ్ళు ఆయన ఫోన్ ఎత్తడం ఎప్పుడో మానేశారు. నేను ఎత్తాను, వెళ్ళాను. నా మంచితనం అంతవరకే.

వంగిపోయాడు. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. పక్కన ఒక సన్నటి అమ్మాయి, చేతిలో ఫైలు.

"బాగున్నావా పాపా? ఇదిగో, మా అనిత. బీఫార్మసీ మూడో ఏడు అయిపోనాది."

ఆ అమ్మాయి నమస్తే మేడమ్ అంది. ఆయన ఆ పిల్లని టీ తెమ్మని పంపించి, గొంతు తగ్గించాడు.

"ట్రైనింగుకని మూడు ఫ్యాక్టరీలకి కాగితాలంపినాం. తండ్రి పేరు సూసి తిప్పి కొట్టీసినారు. నువ్వు సెప్తే ఇక్కడ తీసుకుంతారు పాపా."

"ఆసుపత్రిలో చేసినా సర్టిఫికెట్ చెల్లుతుంది బాబాయ్. శ్రీకాకుళంలో నేను మాట్లాడి పెడతాను," అన్నాను. ఒక్కసారైనా ఆయనకి మేలు చేద్దామని నిజంగానే అన్నాను.

"ఆసుపత్రిలో సీటీ సూసి మాత్రలు లెక్కెట్టడానికా?" ఆయనకి రోషం వచ్చింది. "ఊళ్ళో వాళ్ళ పిల్లలందరికీ నేర్పినాను గదమ్మా నాను. నా పిల్ల మిక్సరు మొకం సూడకుండా సదువైపోనాదనిపించుకుంతాదా? నేదు. అది ఆ గదిలోకెల్లాల."

చేజేతులా ఉరి బిగించుకోవడమంటే అదే. ఆయన ఆసుపత్రికి ఒప్పుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగేది. పని నేర్పడం ఆయనకి పిచ్చి. ఆ పిచ్చితోనే నాకు నేర్పి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, దానితోనే మళ్ళీ మా గేటు దగ్గరికి వచ్చాడు.

విశ్వనాథ్ గారు ఇప్పుడు ఫ్యాక్టరీ మొత్తానికి హెడ్. నేను చెప్పింది విని, కుర్చీలో వెనక్కి వాలారు. ఆరు నెలల్లో ఆయన మొహంలో అంత తేట నేను చూడలేదు.

"అమ్మాయికి ట్రైనింగు తప్పకుండా ఇద్దాం. పాపం, చదువుకునే పిల్ల. కేసు వెనక్కి తీసుకుంటూ అతను ఒక కాగితం రాసిస్తే చాలు. స్వదస్తూరీతో. నువ్వే వెళ్ళు గౌతమీ, నువ్వంటే అతనికి గురి."

వెళ్ళాను. వెళ్ళనంటే ఏమయ్యేదో నాకు తెలియదు, ఎందుకంటే నేను వెళ్ళాను.

రెండు గదుల పెంకుటిల్లు. జోగయ్య భార్య దాలమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నేను కాగితం సంగతి చెప్పగానే చేట పక్కకి విసిరికొట్టింది.

"ఆరేళ్ళు ముంతలో గంజి తాగి కేసు నడిపినామే! గెలిసే యేలకి వచ్చీసినావా? నోట్లో మట్టి కొట్టిందానివి, ఇప్పుడు ఇంకో దోసెడు మట్టట్టుకుని వచ్చినావా?"

"ఒసే, ఊరుకో," అన్నాడు జోగయ్య. "కేసు గెలిస్తే నాకేటొస్తాది? ఉజ్జోగం. నాకింక ఉజ్జోగం సేసే నడువున్నాదా? దానికి ట్రైనింగొస్తాది. ఏటి రాయాలో సెప్పు పాపా."

ఫ్యాక్టరీ వకీలు రాసిచ్చిన మాటలు నేను పైకి చదివాను. ఆయన నేల మీద బోర్లా పడుకుని, తెల్ల కాగితం మీద తెలుగులో ఒక్కో అక్షరం దిద్దుతూ రాశాడు. నేను యంత్రం మీటర్ చూడకుండా నా సొంత ఆలోచనతో తప్పుడు అంకెలు రాసితిని. పై అధికారుల ప్రోద్బలం ఏమీ లేదు.

"పోద్బలమంటే ఏటమ్మా?" అని తలెత్తి అడిగాడు.

"ఎవరూ చెప్పలేదని," అన్నాను.

ఆయన నావైపు చూశాడు. పద్నాలుగు వేసెయ్యమన్నదెవరో, ఆ మాట పక్కనుండి విన్నదెవరో ఆయనకి తెలుసు. తల దించి రాశాడు. సంతకం పెట్టాక కాగితం నా చేతికిస్తూ ఒక్కటే అడిగాడు.

"మా గుంటకి మాత్తరం తెలీనీకమ్మా. గెలిసే కేసుని మంచి మనసుతో ఒగ్గీసినానని సెప్పుకుంతాను. తండ్రి దొంగంకెలు రాసినాడని దానికి తెలిస్తే నాను దాని ముందర కూకోలేను."

తెలియదు బాబాయ్, నాది పూచీ అన్నాను.

జూన్లో పాతికమంది పిల్లలతో పాటు అనిత ట్రైనింగుకి వచ్చింది. ముందు వరసలో కూర్చుంది. వాళ్ళ నాన్నలాగే పెద్ద చేతులు. మొదటి రోజు క్లాసు నాదే: రికార్డుల్లో నిజాయితీ. రికార్డులో అబద్ధం రాస్తే ఏమవుతుందో చెప్పడం ఐదేళ్ళుగా నా పని.

క్లాసులో తెర మీద చూపించాల్సిన స్లైడు బొమ్మలు హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి వస్తాయి. ఈసారి కొత్తవి వచ్చాయి. క్లాసుకి ముందు రోజు మధ్యాహ్నం తెరిచి చూసుకున్నాను. పన్నెండో బొమ్మ మా యూనిట్లో జరిగిన నిజ సంఘటన అని ఉంది. దాని కింద జోగయ్య రాసిన కాగితం, ఉన్నదున్నట్టుగా. పేరు మీదా సంతకం మీదా మాత్రం నల్ల పట్టీ వేశారు. అక్షరాలన్నీ అలాగే ఉన్నాయి.

ఆ బొమ్మ తీసేయొచ్చు. తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారు. నాకు జ్వరమని సెలవు పెట్టొచ్చు. ఇంకెవరో చూపిస్తారు. పేరు కనపడదుగా, ఆ పిల్లకేం తెలుస్తుందిలే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మనసులో మాట చెప్పేస్తాను: నాకు ప్రమోషన్ ఉంది ఆ నెలలో.

క్లాసులో విశ్వనాథ్ గారు వెనక వరసలో వచ్చి కూర్చున్నారు. పన్నెండో బొమ్మ పడింది. నేను చదివాను. ఒక ఆపరేటర్, ఎవరూ చెప్పకుండానే, తన సొంత నిర్ణయంతో, రెండేళ్ళపాటు అబద్ధపు అంకెలు రాశాడు. ఎందరో రోగుల ప్రాణాలతో ఆడుకున్నాడు. ఒక్క బ్యాచ్ కూడా తప్పలేదన్న మాట ఆ బొమ్మలో లేదు, నేనూ చెప్పలేదు. వెనక ఎవరో కుర్రాడు, "ఇలాంటి దొంగల్ని జైల్లో పెట్టాలి సార్," అన్నాడు. విశ్వనాథ్ గారు నవ్వి, "మా మనసు మెత్తన బాబూ, ఉద్యోగం తీసి వదిలేశాం," అన్నారు. పిల్లలందరూ నవ్వారు.

అనిత రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది. తెర మీది అక్షరాల్ని చివరి దాకా చదివింది. మళ్ళీ మొదటికొచ్చి చదివింది. బళ్ళో ఒకటో తరగతి నుంచీ ప్రోగ్రెస్ కార్డుల మీద చూసిన చేతిరాత కదా. నల్ల పట్టీ ఏం దాస్తుంది? ఆ తర్వాత నావైపు చూసి, తల దించుకుని, మిగతా పాఠమంతా పొల్లుపోకుండా రాసుకుంది.

క్లాసయ్యాక పరీక్ష. పది ప్రశ్నలు. పదికి పది రాకపోతే యంత్రాల గదుల్లోకి వెళ్ళడానికి పాసు ఇవ్వరు. ఏడో ప్రశ్న పన్నెండో బొమ్మ మీదే. ఆ తప్పుకి బాధ్యులెవరు? ఒకటి, పై అధికారి. రెండు, మీటర్లు చూసే విభాగం. మూడు, క్వాలిటీ విభాగం. నాలుగు, ఆపరేటర్.

పిల్లలందరూ కాగితాలిచ్చి పాసులు తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. విశ్వనాథ్ గారు వెళ్ళిపోయారు. అనిత చివర్న వచ్చి కాగితం నా బల్ల మీద పెట్టింది. ఏడో ప్రశ్నకి నాలుగో జవాబు దగ్గర గీత పెట్టి ఉంది. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టిన గీత.

"అనితా," అన్నాను.

"ఒకటోది పెడితే నన్ను లోపలికి పంపరు కదా మేడమ్," అంది. "మా నాన్న ఆ కాగితం రాసింది నన్ను లోపలికి పంపడానికే. అందుకని నాలుగోది పెట్టాను."

నేను ఆ గీత వైపే చూస్తున్నాను.

"నాకు తెలిసిపోనాదని మా నాన్నకి మాత్తరం సెప్పకండి," అంది. అంతసేపూ కాలేజీ భాష మాట్లాడిన పిల్ల. "దిద్దండి మేడమ్. వాళ్ళంతా నాకోసం ఆగున్నారు."

దిద్దాను. పదికి పది వేసి, కింద సంతకం పెట్టి, మిక్సర్ గదిలోకి వెళ్ళే పాసు ఆమె చేతిలో పెట్టాను.